పాలపిట్ట ఇల్లెక్కడ? ఊళ్లోని వన్యప్రాణుల పాఠం బడిలో ఎందుకు కుదరడం లేదు

తెలంగాణ 2014లో పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఈ రెండూ కంఠతా వచ్చు. నాలుగో తరగతి పిల్లలు కూడా ఠక్కున చెప్పేస్తారు. అదే పిల్లల్ని ఈ పిట్టలు గూడు ఎక్కడ కడతాయో బొమ్మ గీయమంటే, కొమ్మ మీద పుల్లలతో అల్లిన గిన్నెలాంటి గూడు గీస్తారు. అసలు సంగతేమిటంటే ఈ రెండు పిట్టలూ అలాంటి గూడు కట్టవు. తొర్రలో గుడ్లు పెడతాయి.

ఆ తొర్ర ఎక్కడి నుంచి వస్తుంది? చిలుక తన ముక్కుతో ఉన్న తొర్రను కాస్త వెడల్పు చేసుకోగలదు. పాలపిట్టకు ఆ పనితనం కూడా లేదు. కాబట్టి ఆ ఏర్పాటు ముందే ఎవరో చేసి పెట్టాలి: ఒక వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసి ఉండాలి, లేదా పాత చింతచెట్టులో కొమ్మ విరిగిన చోట కుళ్లి గుల్లబారాలి, లేదా తల పోయిన తాటిచెట్టు ఒకటి మోడుగా నిలబడి ఉండాలి. అలాంటి మోడులో చలికాలం చివర చిలుకలు పిల్లల్ని లేపుకుంటాయి. వేసవిలో పాలపిట్ట దిగుతుంది. గోరింకలు, చిన్న గుడ్లగూబలు కూడా అదే ఇంటి కోసం కాచుకుని ఉంటాయి. ఊరివాళ్ల కంటికి మాత్రం అది వంటచెరకుకు తప్ప ఎందుకూ పనికిరాని ఎండుమాను.

మనం లెక్కపెట్టేది నాటిన మొక్కల్ని. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం దగ్గర్నుంచి ఊరూరా, బడిబడికీ ఆ లెక్కలే. మొక్కలు నాటడం మంచిదే. కానీ ఈ ఏడు నాటిన వేపమొక్కకు తొర్ర పడే వయసు రావాలంటే దశాబ్దాలు పడుతుంది. రోడ్డు వెడల్పు కోసం కొట్టేసిన పాత చెట్టుకు బదులు పది మొక్కలు పెడితే నీడ లెక్క ఏదో ఒకనాటికి సరిపోతుంది. తొర్ర లెక్క మాత్రం పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా తేలదు.

పాఠ్యపుస్తకంలో ఆవాసం అంటే జీవి నివసించే చోటు అని ఉంటుంది. తప్పేమీ కాదు గానీ అది సగం మాటే. ఒక జీవికి తిండి, నీరు, దాక్కునే చోటు, పిల్లల్ని పెంచుకునే చోటు కావాలి. ఈ నాలుగూ అది చేరుకోగలిగే దూరంలో ఉండాలి, కావలసిన నెలల్లో దొరకాలి. పాలపిట్టనే తీసుకోండి. కూర్చుని కిందికి చూడటానికి ఎత్తయిన ఎండుకొమ్మో కరెంటు తీగో కావాలి. కింద మిడతలు, పురుగులు ఉన్న బయలు నేల ఉండాలి. దగ్గర్లో తొర్ర ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి పోయినా మిగతావన్నీ ఉండీ లాభం లేదు. అందుకే ఊళ్లో పచ్చదనం తగ్గకుండానే పిట్ట కనబడకుండా పోవచ్చు.

అలా పోయిన చోట మనం ఏం చేశామో తెలుసు కదా. దసరా సాయంత్రం పాలపిట్టను చూడటానికి ఊరిబయట పొలాల వైపు వెళ్లే ఆనవాయితీ ఉండేది. ఇప్పుడు కొన్నిచోట్ల పిట్టనే పంజరంలో పెట్టి జనం దగ్గరికి తెచ్చి డబ్బులకు చూపిస్తున్నారు. ఎగిరిపోకుండా రెక్కలు కట్టేస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది నేరం. చిలుకను ఇంట్లో పెంచుకోవడమూ అంతే. పాఠం ఇక్కడి నుంచి మొదలుపెడితే తరగతిలో ప్రతి పిల్లకూ, పిల్లాడికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

కానీ పాఠం ఇక్కడి నుంచి మొదలవదు. పర్యావరణాన్ని బడుల్లో, కాలేజీల్లో తప్పనిసరిగా చెప్పాలని పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. అమలు సరిగా లేదని తేలాక 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. అలా సబ్జెక్టు వచ్చింది, దాంతోపాటు ప్రశ్నపత్రమూ, ప్రాజెక్టు మార్కులూ వచ్చాయి. ప్రాజెక్టు అంటే స్టేషనరీ దుకాణంలో దొరికే రంగు చార్టు: పులి, సింహం, ఏనుగు, జిరాఫీ. వీటిలో సింహం గుజరాత్‌లోని గిర్, దాని చుట్టుపక్కల తప్ప మన దేశంలో ఇంకెక్కడా అడవిలో లేదు. జిరాఫీ అసలు ఈ ఖండానిదే కాదు. పులి మనదే. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం నల్లమలలోనే ఉంది. అయినా మార్కాపురంలోనో అచ్చంపేటలోనో చదివే పిల్లలకు సైతం పులి చార్టులోని జంతువే. ఇలా నేర్చుకున్న పిల్లలకు సంరక్షణ అంటే ఎక్కడో అడవిలో ఫారెస్టువాళ్లు చేసే ఉద్యోగం. తన ఇంటి వెనక కంపలో ఉన్న ముంగిస వన్యప్రాణి కిందికి వస్తుందని చెబితే నవ్వేస్తారు.

ఒక్క గూటితో ఎంత పాఠం చెప్పవచ్చో చూడటానికి గిజిగాడి గూడును మించింది లేదు. వానలు పడ్డాక, గడ్డీ వరీ ఏపుగా పెరిగాక, బావి మీదికి వంగిన ఈతచెట్టుకో తాటిమట్టలకో నల్లతుమ్మ కొమ్మలకో ఇవి వేలాడుతుంటాయి. కట్టేది మగపిట్ట. వరి ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ కొసను పట్టుకుని ఎగురుతుంది. ఆకు నిలువునా చీలి పొడవాటి పోగు చేతికొస్తుంది. అలాంటి పోగులు వందలకొద్దీ తెచ్చి ముడులు వేస్తుంది, అల్లుతుంది. సగం అయ్యాక గూడు వేలాడదీసిన హెల్మెట్‌లా ఉంటుంది. అప్పుడు పని ఆపి, రెక్కలు ఆడిస్తూ ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి, ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం, కిందికి దిగే గొట్టం దారితో సహా, పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. ఈతచెట్టు కింద నిలబడితే పూర్తయినవెన్నో, తిరస్కారానికి గురైనవెన్నో పిల్లలు లెక్కపెట్టవచ్చు. నేను చూసినంతలో పిల్లలకు ఈ రెండో లెక్క మీదే ఆసక్తి ఎక్కువ.

గూటి లోపలి గోడకు పిట్ట తడిమట్టి అద్దుతుంది. అందులో మిణుగురులను అంటించి దీపం పెట్టుకుంటుందని మన పెద్దలు చెప్పే కథ అందమైనదే గానీ, అలా జరుగుతుందనడానికి రుజువు లేదు. మట్టి మాత్రం నిజం. సగం గూడు గాలికి ఊగిపోకుండా బరువు కోసమని ఒక వివరణ.

ఇప్పుడు ఆ గూడు నుంచి వెనక్కి రండి. పోగులకు వరి లేదా పొడవాటి గడ్డి కావాలి. అద్దడానికి తడిమట్టి కావాలి. పెద్ద పిట్టలు గింజలు తింటాయి, పిల్లలకు మాత్రం పురుగులు పెడతాయి. పాములూ పిల్లులూ ఎక్కలేని వేలాడే కొమ్మలు కావాలి, కింద నీళ్లుంటే మరీ మంచిది. ఇక ఊరి వైపు చూడండి. మోట పోయాక దిగుడుబావి చెత్తకుండీ అయింది, తర్వాత పూడ్చేశారు. గట్టు మీది ఈతచెట్లు ప్లాట్లు వేసేటప్పుడు పోయాయి. పొలం గట్ల మీద గడ్డి మందు కొట్టడంతో గడ్డీ పోయింది, దాన్ని నమ్ముకున్న పురుగులూ పోయాయి. గిజిగాడిని ఎవరూ రాయి పెట్టి కొట్టలేదు, ఎవరూ వల వేయలేదు. అయినా వెళ్లిపోయింది. ఆవాసం పోవడం అంటే ఏమిటో పన్నెండేళ్ల పిల్లకు ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం.

ఇక్కడే ఇంకో చిక్కు ముడి ఉంది. మన బడుల్లో, మన ప్రభుత్వ పథకాల్లో, చివరికి మన మాటల్లో కూడా ప్రకృతి అంటే పచ్చదనమని స్థిరపడిపోయింది. ఖాళీ నేల కనిపిస్తే మొక్క నాటాలి, చెరువు గట్టు కనిపిస్తే రాళ్లు పేర్చి నడకదారి వేయాలి. తీతువు పిట్ట గులకరాళ్లున్న బోడి నేల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్లూ రాళ్లలాగే మచ్చలు మచ్చలుగా ఉంటాయి కాబట్టి అడుగు దూరంలో ఉన్నా కనిపించవు. అది బడి మైదానం మూల కూడా కావచ్చు. చెరువులో అంచున ఉండే బురద, చీలమండ లోతు నీళ్లే ఉల్లంకి పిట్టలకూ కొంగలకూ భోజనశాల. గట్టును నిటారుగా రాతికట్టు చేస్తే ఒక్కసారిగా లోతు మొదలవుతుంది. నీళ్లు నిండుగా కనిపిస్తాయి, ఆ నిండు నీటిలో నిలబడి తినగల పిట్ట ఉండదు. పూడిక తీయడం వేరు, అది రైతుకూ చెరువుకూ మేలే. అంచును చెరిపేయడం వేరు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించారంటే, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల మధ్య కూడా అలాంటి అంచులున్న చెరువు ఎంత విలువైనదో తెలుస్తుంది.

గడ్డి నేలల సంగతి మరీ అన్యాయం. కర్నూలు దగ్గరి రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం అభయారణ్యం చేశారు. దానికి కావలసింది అడవి కాదు, మోకాలెత్తు గడ్డితో కనుచూపు మేర బయలు. చుట్టుపక్కల అలాంటి నేలలు సాగులోకి వెళ్లాయి. రికార్డుల్లో వాటికి బంజరు అనే పేరు ఉండటంతో పోయినవాటి కోసం ఎవరూ బాధపడలేదు. బట్టమేక పిట్ట ఇప్పుడక్కడ కనిపించడం లేదు.

పచ్చగా ఉన్నదంతా మంచిది కాదన్నాను కదా, చెడ్డదనుకున్నదంతా చెడ్డదీ కాదు. సర్కారు తుమ్మ బయటి దేశపు మొక్క. 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం దగ్గర వేసిన విత్తనాలతో మన ప్రాంతంలో మొదలైంది. చెరువులనూ బీళ్లనూ ఆక్రమించి గడ్డిని మింగేసింది. ఏ పర్యావరణ పాఠంలోనైనా అది ప్రతినాయకుడే. అయితే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కట్టింది ఈ తుమ్మ చెట్ల మీదే. మంచి చెట్టా, చెడ్డ చెట్టా అని పిల్లలు అడుగుతారు. ఒక్క మాటలో జవాబు చెప్పకుండా, ఎవరికి, ఎక్కడ అని తిరిగి అడిగే ధైర్యం మాస్టారికి ఉండాలి.

ఉప్పలపాడు గురించి రాసే ప్రతి వార్తలోనూ సైబీరియా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గురించీ అదే. వేల మైళ్లు ఎగిరి వచ్చిన విదేశీ అతిథులట. గూడబాతులు గానీ ఎర్రకాళ్ల కొంగలు గానీ సైబీరియా మొహం చూసినవి కావు. దక్షిణాసియా పక్షులే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి మన దేశంలోనే తిరుగుతూ, పిల్లల్ని మన చెట్ల మీదే లేపుతాయి. తేలినీలాపురం వాళ్లు వీటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. పక్షి శాస్త్రం ప్రకారం కూడా వార్తలో రాసేదానికంటే ఈ మాటే నిజానికి దగ్గర. పైగా ఈ తేడా చిన్నది కాదు. అతిథి వచ్చి పోతుంది, దాని మంచిచెడ్డలు దాని దేశం చూసుకుంటుంది. ఇక్కడే పుట్టేదానికి ఇక్కడి చెట్టు పోతే వేరే దిక్కులేదు. 1946లో పశ్చిమ గోదావరిలో అరేడు దగ్గర కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు గూడబాతుల పెద్ద కాలనీని గుర్తించాడు. ఆ కాలనీ తర్వాతి కాలంలో ఖాళీ అయింది.

నిజంగానే దూరం నుంచి వచ్చేవీ ఉన్నాయి. చారల తల బాతులు టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తాయి. గులాబి రంగు గోరింకలు మధ్య ఆసియా నుంచి గుంపులు గుంపులుగా వచ్చి జొన్నచేల మీద వాలతాయి. వాటిని చూడటానికి అభయారణ్యానికి పోనక్కర్లేదు, జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో చేను గట్టున నిలబడితే చాలు. అక్కడే రైతు డబ్బా కొడుతూ వాటిని తోలుతుంటాడు.

ఆ డబ్బా చప్పుడు పాఠంలో ఉండాలి. దగ్గరి ప్రకృతి గురించి చెప్పేటప్పుడు మనం ఎక్కువగా తప్పించుకునేది దీన్నే. పులిని కాపాడాలని పట్నంలో పిల్లలు వ్యాసం రాస్తే వాళ్ల జేబులోంచి పోయేదేమీ లేదు. ఊరి పిల్లలకు అలా కాదు. వాళ్ల నాన్న వేరుశనగ చేనుకు రాత్రిళ్లు అడవిపందుల కాపలా పడుకుంటాడు. నెమళ్లు మొలకలు పీకేస్తాయి. తెలంగాణలో ఎన్నో ఊళ్లలో కోతుల బాధకు కూరగాయలు పెట్టడమే మానేశారు. రోళ్లపాడులో గడ్డి నేలను కాపాడటంతో పెరిగిన కృష్ణజింకలు పొలాల మీద పడ్డాయి, రైతులకు అభయారణ్యం అంటేనే విసుగు పుట్టింది. ఆ కృష్ణజింకే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. జంతువులన్నీ మన నేస్తాలు అనే వాక్యం ఇలాంటి తరగతిలో చెబితే పిల్లలు నోటుపుస్తకంలో రాసుకుంటారు, నమ్మరు. ఎవరికి నష్టం, ఎవరు భరిస్తున్నారు, పరిహారం ఎంత కాలానికి వస్తుంది అని అడగనిస్తేనే సంరక్షణ గురించి మాట్లాడినట్టు.

నెల్లూరు వైపు నేలపట్టులో ఇదే లెక్క అటునుంచి ఇటు తిరుగుతుంది. చెరువు నీటిలో పెరిగే కడప అనే చెట్ల మీద వేలాది పక్షులు గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన నీరు కింది పొలాలకు పారుతుంది, ఎరువు పని చేస్తుంది. అక్కడి రైతుకు పక్షి మీద ఉన్న ప్రేమకు ఒక కారణం కూడా ఉంది. నష్టం వచ్చే చోటునూ లాభం వచ్చే చోటునూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, సంరక్షణ మంచి మనసు మీదే నడవదని పిల్లలకు అర్థమవుతుంది.

పాముల విషయంలో భయం అన్నిటికంటే అడ్డం. జెర్రిపోతుకు విషం లేదు. ధాన్యం తినే ఎలుకలే దాని తిండి. అయినా కనబడితే చావగొడతారు. జెర్రిపోతూ నాగుపామూ జత కడతాయని ఊళ్లో నమ్మకం. పెనవేసుకుని పైకి లేస్తూ కనిపించే రెండు జెర్రిపోతులు ఆడా మగా కూడా కాదు, బలం తేల్చుకుంటున్న రెండు మగపాములు. ఈ సంగతి చెప్పగానే తరగతి అంతా ఒక్కసారి లేచి కూర్చుంటుంది. దాంతోపాటే భద్రత కూడా చెప్పాలి: విషం ఉన్న నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను బొమ్మల్లో గుర్తుపట్టడం, రాత్రి లైటు లేకుండా గట్ల మీద నడవకపోవడం, కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం మాని 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవడం. పామును ప్రేమించమని చెప్పక్కర్లేదు. ఏ పాము ఏమిటో తెలిస్తే సగం కర్రలు కిందికి దిగుతాయి.

మరి బడిలో దీన్ని ఎలా నడపాలి? విహారయాత్ర వేసి ఒక్కరోజులో జూపార్కు చూపించి తేవడం తేలిక, ఖర్చు ఎక్కువ, మిగిలేది తక్కువ. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వాళ్లకు పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలంది. ఆ రోజుల్ని ఒకే వారంలో కుక్కేయకుండా ఏడాది పొడవునా పంచితే మంచిది. ఒకే చోటును, అంటే బడి ప్రహరీ పక్కన చెరువు మూలనో, ఒక పాత చింతచెట్టునో, జూన్‌లో బడి తెరిచినప్పుడు, కార్తీకంలో, సంక్రాంతి తర్వాత, మార్చిలో చూడాలి. జూన్‌లో కప్పల గోల. చలికాలంలో తోక ఆడిస్తూ తిరిగే వలస పిట్టలు. మార్చిలో ఎండిన బురద మీద పాదముద్రలు. ఒక్క చోటే ఎన్ని చోట్లవుతుందో నాలుగోసారికి వాళ్లకే తెలుస్తుంది.

చూసింది రాసి పంపడానికి దారులున్నాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు దేశమంతా క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. పదిహేను నిమిషాలు నిలబడి కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయడమే. చెట్ల చిగుళ్లు, పూత, కాత వారంవారం రాసే సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో బడులు చేరవచ్చు. ఇంగ్లీషు పేర్లు రాకపోతే ఏమీ కాదు, ఫోటో ఉంటే పేరు తర్వాత పట్టుకోవచ్చు. గూళ్ల దగ్గరికి మాత్రం పోనివ్వకూడదు. గుడ్లను, గూళ్లను, పిట్ట పిల్లలను ముట్టుకోవడం, తాబేలును బడికి పట్టుకురావడం మొదటిరోజే వద్దనాలి. నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకున్నా కేసవుతుంది.

పెద్దగా ఎవరూ వాడుకోని వనరు ఒకటి పంచాయతీ ఆఫీసులోనే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి గడువు పెట్టడంతో దేశమంతటా ఈ రిజిస్టర్లు హడావుడిగా తయారయ్యాయి. పక్క ఊరి జాబితానే పేరు మార్చి రాసినట్టుండేవీ ఉన్నాయి. పిల్లలకు అదే మంచి పని. కార్యదర్శిని అడిగి రిజిస్టరు తెప్పించుకుని, అందులోని పిట్టలు, చేపలు, చెట్లు ఒక్కొక్కటే ఊళ్లో ఉన్నాయో లేవో చూసి రావచ్చు. చేపల పేజీని చెరువులో వల వేసేవాళ్ల దగ్గర, గడ్డి పేజీని గొర్రెల కాపరుల దగ్గర చదివితే తప్పులు వాళ్లే చెబుతారు. ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివాటికి వేరే వరుస గీసి, ఏ ఏడు వరకు కనిపించిందో తాతనో నాయనమ్మనో అడిగి రాయాలి. తొర్రలున్న చెట్లూ, తాటిమోడులూ ఎన్ని ఉన్నాయో, ఎవరి చేనులో ఉన్నాయో ఒక పేజీ కలపాలి. సవరించిన ప్రతిని గ్రామసభ రోజున కమిటీకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.